మధ్యవర్తి చేత అమ్మించినా జవాబుదారీ మనదే

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె పుట్టిల్లు గుంటూరు. ఉత్తరంలోని విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. ఒక పాత హ్యాండ్‌బ్యాగు, దాన్ని అమ్మగా వచ్చిన కొద్దిపాటి సొమ్ము, అంతే. కాని ఆమె అడిగిన ప్రశ్న మాత్రం అమ్మకం, కొనుగోలు చేసే ప్రతి ముస్లిం కుటుంబానికీ సంబంధించినది. అందుచేత ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ విషయాన్నే ఈ నెల పాఠంగా తీసుకుంటున్నాము.

సంగతి ఇది. కొన్నేళ్ళ క్రితం ఆమె భర్త ఆమెకు లూయీ విటాన్ కంపెనీ హ్యాండ్‌బ్యాగు ఒకటి కొనిచ్చారు. వాడకంలో దాని తోలు పిడి ఒకటి తెగిపోయింది. కంపెనీ వారి దగ్గర మరమ్మతుకు ఖర్చు ఎక్కువవుతుందని, ఆమె ఊళ్ళోనే తోలు పని చేసే ఒక కారీగరు చేత రెండు పిడులూ మార్పించుకున్నారు. అతను పని బాగా తెలిసినవాడు. కొత్త పిడులకు నూనె పట్టించి, పాత తోలు రంగుకు సరిగ్గా కలిసేలా చేశాడు.

ఈ మధ్య గుంటూరులో ఉన్న వాళ్ళ అమ్మగారు హజ్ యాత్రకు సంకల్పించారు. ఆ ఖర్చులో తన వంతు పంపాలని సోదరి ఆ బ్యాగును పాత వస్తువులు అమ్మిపెట్టే ఒక దుకాణానికి ఇచ్చారు. దుకాణం వారి ఫారంలో మరమ్మతులు ఏమైనా జరిగాయా అని అడిగే గడి ఒకటి ఉంది. ఆమె దాన్ని ఖాళీగా వదిలేశారు. దుకాణంలోని పరీక్షకుడు బ్యాగును తిప్పి చూసి, అన్ని భాగాలూ కంపెనీవేనని రాసుకున్నాడు. బ్యాగు 900 డాలర్లకు అమ్ముడుపోయింది. నూటికి 40 చొప్పున 360 డాలర్లు దుకాణం తన కమిషన్ కింద ఉంచుకుని, 540 డాలర్లు ఆమెకు పంపింది.

ఆ సొమ్ము చేతికి వచ్చినప్పటి నుంచి ఆమె మనసు కుదుటపడలేదు. ఆమె మాటల సారాంశం ఇది: నేను అబద్ధం ఆడలేదు. పరీక్షించింది వాళ్ళు, రాసింది వాళ్ళు, అమ్మింది వాళ్ళు. కొన్నదెవరో కూడా నాకు తెలియదు. మరి ఈ డబ్బు అమ్మ హజ్‌కు పంపవచ్చా?

ఆమెకు మేము ఇచ్చిన జవాబు చెప్పే ముందు, అసలు ఈ వ్యాపారం ఎలాంటిదో, షరీఅత్‌లో దాని స్థానం ఏమిటో తెలుసుకుందాము.

ఏమిటీ వ్యాపారం?

పేరున్న కంపెనీల హ్యాండ్‌బ్యాగులు మన వైపు పెళ్ళిళ్ళలో అరుదుగానే కనిపిస్తాయి. కాని అమెరికాలోను, ఐరోపాలోను, గల్ఫ్ నగరాల్లోను వాడిన బ్యాగులకు కూడా పెద్ద బజారు ఉంది. ఫ్రాన్సుకు చెందిన హెర్మెస్ కంపెనీ 1984లో జేన్ బిర్కిన్ అనే నటి పేరుతో ఒక బ్యాగు తయారు చేసింది. ఆమె వాడిన మొట్టమొదటి బ్యాగు 2025 జులైలో పారిస్ వేలంపాటలో ఖర్చులతో కలిపి సుమారు 86 లక్షల యూరోలు పలికింది. అది ప్రత్యేకమైన సంగతి. అయినా మామూలు బ్యాగులు సైతం వందల, వేల డాలర్లు పలుకుతాయి. వీటిని అమ్మిపెట్టడానికే వెలసిన సంస్థలు ఉన్నాయి. పారిస్‌లో వెస్టియేర్ కలెక్టివ్ 2009లోను, అమెరికాలో ది రియల్‌రియల్ 2011లోను ప్రారంభమయ్యాయి. చిన్న చిన్న దుకాణాలైతే లెక్కలేనన్ని.

ఈ దుకాణాలు రెండు విధాలుగా పని చేస్తాయి. మొదటిది, దుకాణమే బ్యాగును కొనేసుకోవడం. డబ్బు చేతికిచ్చి, వస్తువు తీసుకుని, తరువాత తన ఇష్టమొచ్చిన ధరకు అమ్ముకుంటుంది. రెండవది, కన్‌సైన్‌మెంట్. ఇందులో దుకాణం వస్తువును కొనదు. మన తరఫున తన దగ్గర ఉంచుకుని అమ్మిపెడుతుంది. అమ్ముడుపోయాక కమిషన్ మినహాయించుకుని మిగతాది మనకిస్తుంది. గడువులోగా అమ్ముడుపోకపోతే వస్తువును తిరిగి ఇచ్చేస్తుంది. చాలా దుకాణాలు కొన్ని వారాలు గడిచాక ధర కొంత తగ్గించే అధికారాన్ని కూడా ఒప్పందంలో రాయించుకుంటాయి.

ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఆ సోదరి ప్రశ్నకు చాలా ముఖ్యం. మొదటి పద్ధతిలో బ్యాగు దుకాణం సొత్తు అవుతుంది. రెండవ పద్ధతిలో అమ్ముడుపోయే క్షణం వరకు అది మన సొత్తే. గాజు బీరువాలో ఉన్నా మనదే, దాని మీద దుకాణం చీటీ వేలాడుతున్నా మనదే.

గుంటూరు మిర్చి యార్డును చూసినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. రైతు టిక్కీలు తెచ్చి కమిషన్ వ్యాపారి దగ్గర దించుతాడు. వ్యాపారి బేరం కుదిర్చి అమ్మిపెడతాడు, తన కమిషన్ పట్టుకుని మిగతా పైకం రైతుకిస్తాడు. టిక్కీ అడుగున తాలుకాయలు కుక్కి పైన ఎర్రటి కాయలు పరిస్తే, అమ్మింది కమిషన్ వ్యాపారి కదా అని రైతు తప్పించుకోగలడా? హ్యాండ్‌బ్యాగు విషయమూ అంతే.

దుకాణం మన వకీలు

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఇలాంటి ఏర్పాటును వకాలత్ అంటారు. ఒక పనిని మన తరఫున చేయమని మరొకరికి అప్పగించడమే వకాలత్. ఆ పని చేసేవాడు వకీలు (ప్రతినిధి). ఇది ధర్మసమ్మతమైనది, దైవప్రవక్త (స) స్వయంగా ఆచరించి చూపినది.

దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) గారికి ఒక దీనారు ఇచ్చి, గొర్రెను కొనుక్కు రమ్మని పంపారు. ఆయన ఆ ఒక్క దీనారుతో రెండు గొర్రెలు కొన్నారు. అందులో ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మి, గొర్రెతో పాటు దీనారును కూడా తెచ్చి ప్రవక్త (స) ముందుంచారు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, మన తరఫున బేరం చేయమని మరొకరిని నియమించుకోవచ్చు. రెండు, మంచి వకీలు తాను సంపాదించిన లాభాన్ని దాచుకోడు, యజమాని ముందు లెక్క పెడతాడు.

వకీలు చేతిలో ఉన్న వస్తువు అమానతు. అది అతని నిర్లక్ష్యం లేకుండా పాడైపోతే అతను నష్టం కట్టనక్కరలేదు. నిర్లక్ష్యం వల్ల గాని, చెప్పినదానికి విరుద్ధంగా నడుచుకోవడం వల్ల గాని నష్టం జరిగితే కట్టాలి. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తోంది. కనుక దుకాణం నడిపే ముస్లిం సోదరులు తమ దగ్గరున్న ఇతరుల వస్తువులను, అమ్మగా వచ్చిన ఇతరుల డబ్బును తమ సొంత పెట్టుబడిగా భావించకూడదు. ఇతరులకు ఇవ్వవలసిన పైకంతో ముందు తమ అద్దెలు, జీతాలు సర్దుకుని, యజమానులను నెలల తరబడి తిప్పడం అమానతులో ద్రోహమే.

అమానతు అనేది ఒకవైపు నడిచే బాట కాదు. దుకాణం మనకు బాధ్యత వహించినట్టే, మనం దుకాణానికి బాధ్యత వహిస్తాము. మనం ఇచ్చిన సమాచారం మీద ఆధారపడే వకీలు కొనేవారికి మాట ఇస్తాడు. మనం అతనికి సగం మాటే చెబితే, తనకు తెలియకుండానే అతని చేత అసత్యం పలికించినవారమవుతాము.

కమిషన్ ఎలా ఉండాలి?

అమ్మిపెట్టినందుకు కమిషన్ తీసుకోవడంలో దోషం లేదు. మధ్యవర్తి ప్రతిఫలంలో తప్పు లేదని ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్ నఖయీ, హసన్ బస్రీ (రహ్మలై) వంటి తాబయీలు అభిప్రాయపడినట్టు ఇమామ్ బుఖారీ (రహ్మలై) నమోదు చేశారు.

అయితే ఒక విషయంలో జాగ్రత్త అవసరం. కొన్ని చోట్ల దుకాణం వారు, మీకు ఇంత చేతికిస్తాము, అంతకు మించి ఎంత వస్తే అంత మాది అంటారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇందులో తప్పు లేదన్నారు. ఇమామ్ అహ్మద్ (రహ్మలై) ఆ మార్గాన్నే అనుసరించారు. మధ్యవర్తికి దక్కేది ఎంతో ముందుగా తెలియదు కాబట్టి ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ షాఫయీ (రహ్మలై) దీన్ని సమ్మతించలేదు. మన ప్రాంతంలో అధికులు హనఫీ ఫిఖహ్‌ను అనుసరించేవారే. కాబట్టి కమిషన్ ఇంత మొత్తమని గాని, అమ్మిన ధరలో నూటికి ఇంత అని గాని ముందే స్పష్టంగా తేల్చుకోవడం మేలు. ఫొటోల ఖర్చు, శుభ్రం చేసిన ఖర్చు, పార్సిల్ ఖర్చు విడిగా పట్టుకుంటారా లేదా అన్నది కూడా ముందే అడగాలి.

లోపం దాచడం

ఇక అసలు విషయానికి వద్దాము. ఒకనాడు దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి పక్కనుంచి వెళుతూ అందులో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అమ్మేవాడిని నిలదీశారు. వానలో తడిసిందని అతను చెప్పాడు. అలాగైతే జనానికి కనబడేలా తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) అడిగి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

ఈ సంఘటనలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ వ్యాపారి నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ధాన్యం పొడిగా ఉందని ఎవరితోనూ అనలేదు. తడిసినదాన్ని అడుగున ఉంచి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్నే ప్రవక్త (స) మోసం అన్నారు. ఫారంలో ఖాళీగా వదిలిన గడి కూడా అలాంటి అడుగుపొరే.

అమ్మేవారు, కొనేవారు నిజం పలికి, ఉన్నది ఉన్నట్లు చెప్పుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి, అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. అంటే చేతికొచ్చిన డాలర్లు అలాగే ఉంటాయి, వాటిలోని బర్కత్ మాత్రం వెళ్ళిపోతుంది.

ఏది లోపం, ఏది కాదు అన్న ప్రశ్న రావచ్చు. ఫిఖహ్ పండితులు దీనికి సులువైన కొలత చెప్పారు. ఆ వస్తువు వ్యాపారం చేసేవారి దృష్టిలో దేనివల్ల ధర తగ్గుతుందో అదే లోపం. హ్యాండ్‌బ్యాగు విషయంలో మార్చిన పిడులు, మార్చిన జిప్పు, మళ్ళీ వేసిన రంగు, లోపలి గుడ్డ మీద సిరా మరక, మూలల్లో అరుగు, పోని వాసన, విడిపోయి మళ్ళీ కుట్టిన కుట్టు ఇవన్నీ లోపాలే.

పిడి మారిస్తే ఏమవుతుంది, పని బాగానే చేశాడు కదా అని కొందరు అనుకోవచ్చు. లూయీ విటాన్ మోనోగ్రామ్ బ్యాగుల్లో చాలావాటికి ఒంటి భాగం తోలు కాదు, పూత వేసిన నూలు కాన్వాసు. పిడులు, అంచులు మాత్రం రంగు వేయని ఆవు తోలు. ఆ తోలు వెలుతురుకు, చేతి చెమటకు ఏళ్ళ తరబడి నెమ్మదిగా తేనె రంగుకు తిరుగుతుంది. కొనేవారు ఆ రంగును చూసి బ్యాగు వయసును, వాడకాన్ని అంచనా వేస్తారు. అంతే కాదు, బయటివారు భాగాలు మార్చిన బ్యాగును బాగు చేయడానికి ఇలాంటి కంపెనీలు తరచుగా ఒప్పుకోవు. రేపు కుట్టు ఊడి, కొన్న సోదరి కంపెనీకి తీసుకువెళ్ళినప్పుడే తాను కొన్నదేమిటో ఆమెకు తెలుస్తుంది. అందరి ముందు తలదించుకునేది తప్పు చేయని ఆమె.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) చేసిన పని

ఆ సోదరి ఉత్తరం చదవగానే మాకు ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మలై) జీవితంలోని ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. ఆయన కూఫా నగరంలో బట్టల వ్యాపారి కూడా. హఫ్స్ అనే భాగస్వామి ద్వారా సరుకు అమ్మించేవారు. ఒకసారి సరుకు పంపుతూ, ఫలానా బట్టలో లోపం ఉంది, అమ్మేటప్పుడు కొనేవారికి చెప్పమని ఆయనకు మరీ మరీ చెప్పారు. హఫ్స్ సరుకంతా అమ్మాడు. కాని లోపం సంగతి చెప్పడం మరచిపోయాడు. ఆ బట్ట ఎవరు కొన్నారో కూడా గుర్తు లేదు. ఈ విషయం తెలిశాక ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మునంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

ఆలోచించండి. ఇమామ్ గారు లోపం దాచలేదు, చెప్పమని ఆదేశించారు. మరచిపోయింది మధ్యవర్తి. అయినా అమ్మింది అతను కదా అని ఊరుకోలేదు. సరుకు తనది కనుక జవాబుదారీ కూడా తనదేనని భావించారు. సరుకంతటి సొమ్మును వదులుకోవడం ఆయన దైవభీతికి (తఖ్వా) నిదర్శనం. అందరి మీదా అంత విధి కాకపోవచ్చు. కాని ఏ దిక్కుకు నడవాలో అది చూపిస్తుంది.

సోదరికి మా జవాబు

మేము ముఫ్తీలము కాము. ఉలమాలను సంప్రదించి ఆ సోదరికి ఇలా రాశాము.

మొదటిది, ఆ అమ్మకం మొత్తం చెల్లకుండా పోలేదు. బ్యాగు నిజంగా ఆ కంపెనీదే, మీ సొత్తే. లోపం దాచిన అమ్మకం హనఫీ ఫిఖహ్‌లో కుదిరినట్టే. కాని దాచినందుకు పాపం ఉంది, కొన్నవారికి హక్కు మిగిలి ఉంది. ఆ హక్కును ఖియారుల్ ఐబ్ అంటారు. లోపం తెలిశాక వస్తువును తిరిగిచ్చి ధర మొత్తం వెనక్కి తీసుకోవడమో, ఉన్నదున్నట్లు ఉంచుకోవడమో వారి ఇష్టం. ఇరువురూ రాజీపడి కొంత పైకం తగ్గించుకోనూవచ్చు.

రెండవది, కొన్నవారు ఎవరో మీకు తెలియనక్కరలేదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం కొన్నవారు వస్తువును అమ్మిన వకీలుకే తిరిగిస్తారు, వకీలు దాన్ని యజమానికి చేరుస్తాడు. కాబట్టి మీరు దుకాణానికే రాయండి. పిడులు మార్పించిన సంగతి, ఎప్పుడు మార్పించారో చెప్పి, కొన్నవారికి తెలియజేయమని అడగండి. వారు తిరిగిస్తే తీసుకోండి.

మూడవది, వారు బ్యాగు ఉంచుకుని తేడా అడిగితే ఇవ్వండి. అసలు పిడులతో 900 డాలర్లు పలికే బ్యాగు, మార్చిన పిడులతో 650 పలుకుతుందనుకుందాము. తేడా 250. అందులో 100 డాలర్లు దుకాణం కమిషన్‌లోకి పోయాయి కదా, నేను 150 ఇస్తే చాలదా అనుకోవద్దు. కొన్నవారి నష్టం 250. వస్తువు మీది, దాచిన మాట మీది. కమిషన్ సంగతి మీరు, దుకాణం వారు విడిగా తేల్చుకోవలసినది.

నాల్గవది, ఎంత ప్రయత్నించినా కొన్నవారికి చేరలేకపోతే, ఆ తేడా సొమ్మును వారి తరఫున దానం చేయండి. పుణ్యం మనకు రావాలని కాక, వారి హక్కు మన మెడ మీద నుంచి దిగాలన్న సంకల్పంతో చేయాలి. తరువాత ఎప్పుడైనా వారు ఎదురుపడి అడిగితే వారి సొమ్ము వారికి ఇవ్వవలసి ఉంటుంది.

ఐదవది, హజ్ సంగతి. హజ్‌కు బయలుదేరేవారు ముందుగా దాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) చెల్లించి, క్షమాపణలు కోరి కదలడం మన పెద్దల నుంచి వస్తున్న పద్ధతి. మీ అమ్మగారి యాత్రలో కలిసే డబ్బుకు కూడా అదే వర్తిస్తుంది. హక్కు తేలే వరకు ఆ డబ్బును ముట్టుకోకండి. తేలాక మిగిలినది నిశ్చింతగా పంపండి.

కొన్ని వారాల తరువాత ఆమె నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. దుకాణం వారు మొదట ఆశ్చర్యపోయి, తరువాత కొన్నవారికి తెలియజేశారట. ఆ కొన్నావిడ బ్యాగు తిరిగివ్వలేదు. 200 డాలర్లు వెనక్కి తీసుకుని ఉంచుకున్నారు. అమ్మగారికి పంపవలసిన సొమ్ము 340 డాలర్లకు దిగింది. విషయమంతా ఫోనులో విన్న అమ్మగారు, బేటీ, తక్కువైనది డబ్బే కదా, ఆ 340తోనే నా దుఆ నీకు నిండుగా ఉంటుంది అన్నారట.

నకిలీ అయితే?

ఆ సోదరి బ్యాగు అసలైనది. అందరి ఇళ్ళలో ఉన్నవి అలాంటివి కావు. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువులు ఇచ్చినవి, బజార్లలో ఫస్ట్ కాపీ పేరుతో కొన్నవి మన ఇళ్ళలోను ఉన్నాయి. వాటిని అసలువని చెప్పి అమ్మితే అది లోపం దాచడం కాదు, వస్తువునే మార్చి చెప్పడం. నకిలీ అని చెప్పే అమ్ముతున్నాను కదా అన్న వాదన కూడా నిలవదు. పేరు, ముద్ర మరొకరి హక్కు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ 1988లో కువైట్‌లో జరిగిన 5వ సమావేశంలో వ్యాపార నామాలు, ట్రేడ్‌మార్కులు వాటి యజమానులకు చెందిన హక్కులని, వాటిని ఉల్లంఘించరాదని తీర్మానించింది. మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నకిలీ ముద్ర ఉన్న సరుకు అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకు జైలుశిక్ష, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అమెరికాలో షనెల్ కంపెనీ వేసిన దావాలో న్యూయార్క్ కోర్టు జ్యూరీ 2024 ఫిబ్రవరిలో పాత వస్తువులు అమ్మే ఒక సంస్థ 40 లక్షల డాలర్లు చెల్లించాలని తేల్చింది.

లోపల నంబరు ఉంది కాబట్టి అసలుదేననుకోవడం పొరపాటు. లూయీ విటాన్ బ్యాగుల్లో ఉండే తేదీ సంకేతాన్ని, షనెల్ బ్యాగుల్లోని నంబరు చీటీని నకిలీ చేసేవారు కూడా అచ్చు గుద్దుతారు. ఈ రెండు కంపెనీలూ 2021 నుంచి వాటి స్థానంలో చిప్‌లు పెడుతున్నాయి. మనకు సందేహం ఉంటే, సందేహం ఉందని దుకాణానికి ముందే చెప్పాలి. రసీదు లేకపోతే లేదని చెప్పాలి. తెలియదు అని చెప్పడంలో పరువు తక్కువ లేదు.

తోలు సంగతి కూడా చూసుకోవాలి

ముస్లిం గృహిణులు తరచుగా మరచిపోయే విషయం ఇది. కొన్ని ఖరీదైన బ్యాగుల లోపలి పొర మెత్తని పంది తోలుతో ఉంటుంది. పైన ఆవు తోలు ఉన్నా లోపల ఇది ఉండవచ్చు. శుద్ధి చేస్తే (దిబాగత్) జంతువుల తోలు పవిత్రమవుతుంది. కాని పంది తోలుకు ఆ మినహాయింపు లేదన్నది హనఫీ పండితుల నిర్ణయం. కాబట్టి దాన్ని వాడడం గాని, అమ్మి డబ్బు చేసుకోవడం గాని మనకు తగదు. కొనేముందే లోపలి పొర ఏమిటో కంపెనీ వివరాల్లో చూసుకోవాలి. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఆలిమును అడిగి నడుచుకోవాలి. మొసలి, కొండచిలువ తోలు బ్యాగులు దేశాల సరిహద్దులు దాటాలంటే వన్యప్రాణుల అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతి పత్రాలు కావాలి. అవి లేకుండా బంధువుల పెట్టెల్లో పంపి వారిని చిక్కుల్లో పెట్టకూడదు.

రాసుకోవడం, జకాత్

అప్పు వ్యవహారాలను రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. దుకాణం మనకివ్వవలసిన పైకం కూడా అమ్మకం జరిగిన క్షణం నుంచి మన హక్కే. కాబట్టి వస్తువు వర్ణన, లోపాలు, కనీస ధర, కమిషన్, ధర తగ్గించే అధికారం, గడువు, పైకం ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. ఒక నకలు ఇంట్లో పెట్టి, ఆ సంగతి కుటుంబంలో ఒకరికి చెప్పి ఉంచాలి. యజమాని మరణిస్తే వకాలత్ ముగిసిపోతుంది, వస్తువు వారసులదవుతుంది. కాగితం లేకపోతే వారికి ఆ సంగతే తెలియదు. దుకాణం మూతపడినా, కాగితం లేనివారు తమ వస్తువు తమదని నిరూపించుకోవడం కష్టం.

భార్యకు ఇచ్చిన బ్యాగు భార్య సొత్తు. అత్తగారిది, ఆడపడుచుది, కోడలిది వారి అనుమతి లేకుండా దుకాణానికి ఇవ్వడానికి ఇంట్లో ఎవరికీ అధికారం లేదు.

సొంతంగా వాడుకునే బ్యాగు ఎంత ఖరీదైనదైనా దాని మీద జకాత్ లేదు. అమ్మగా వచ్చిన డబ్బు మాత్రం మిగతా సొమ్ముతో కలిసి లెక్కలోకి వస్తుంది. తిరిగి అమ్మే ఉద్దేశంతోనే కొన్న బ్యాగులు వ్యాపార సరుకు. నిసాబ్, ఏడాది గడువు పూర్తయితే వాటి బజారు ధర మీద నూటికి రెండున్నర చొప్పున జకాత్ ఇవ్వాలి. అవి దుకాణంలో ఉన్నా సరే, జకాత్ యజమాని మీదే ఉంటుంది. సరుకు మనదన్న సూత్రం ఇక్కడ కూడా అదే.

చివరిగా, కన్‌సైన్‌మెంట్‌కు వస్తువు ఇచ్చే ముందు ప్రతి సోదరీ, సోదరుడూ తమను తాము ఈ ప్రశ్నలు వేసుకోవాలి:

1. ఈ వస్తువు పూర్తిగా నాదేనా? కాకపోతే యజమాని అనుమతి ఉందా?

2. దీని గురించి నాకు తెలిసిన ప్రతి లోపాన్నీ, ప్రతి మరమ్మతునూ దుకాణానికి రాసిచ్చానా?

3. దుకాణం రాసిన వర్ణనను అమ్మకానికి ముందు చదివానా? అందులో తప్పు ఉంటే, అది నాకు లాభమైనా, దిద్దించానా?

4. కమిషన్, గడువు, కనీస ధర తేల్చుకున్నానా?

5. కొనేవారి స్థానంలో నా కూతురు ఉంటే ఈ మాటలే చెప్పి అమ్ముతానా?

ఐదవ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా నాలుగూ సులువవుతాయి. దుకాణం పరీక్షకుడి కన్ను తప్పించుకోవచ్చు, కొన్నవారు ఎన్నటికీ గమనించకపోవచ్చు. కాని మనం ఖాళీగా వదిలిన గడిలో ఏమి రాయవలసి ఉందో మనకు తెలుసు, అల్లాహ్‌కు తెలుసు.

అల్లాహ్ మన అమ్మకాల్లో, కొనుగోళ్ళలో నిజాయితీని, మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.